బేసిక్ లెక్కలు రాస్తే ఇంజనీరింగ్ దారి మూసుకుపోతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి సీబీఎస్‌ఈ బడిలో పదో తరగతి చదువుతోంది. తొమ్మిదో తరగతి పరీక్షలో లెక్కల్లో 80కి 46 వచ్చాయి. బోర్డు పరీక్షకు ‘బేసిక్’ పెట్టుకుంటే మంచిదని బడివాళ్లు అంటున్నారు. అమ్మాయి ఓ రోజు కంప్యూటర్ ఇంజనీరింగ్ అంటుంది, ఓ రోజు సీఏ అంటుంది. పది అయ్యాక పార్వతీపురమో విశాఖో పంపి ఇంటర్ ఎంపీసీ చదివించమని బంధువుల మాట. ఏం చెయ్యమంటారు? — ఒక తండ్రి

జవాబు: మీరు అడిగినవి రెండు. బేసిక్ సంగతి చిన్నది, దాన్ని ముందు తేల్చేద్దాం. ఇంటర్ ఎక్కడ చదవాలన్నది మాత్రం పెద్ద విషయం. మీ బంధువులు దాన్ని మరీ తేలిగ్గా చెప్పేశారు.

సీబీఎస్‌ఈ 2020 బోర్డు పరీక్షల నుంచి పదో తరగతి లెక్కలకు రెండు స్థాయిలు పెట్టింది. స్టాండర్డ్ కోడ్ 041, బేసిక్ కోడ్ 241. పాఠ్యపుస్తకం ఒకటే, సిలబస్ ఒకటే, బడిలో వేసే 20 ఇంటర్నల్ మార్కులూ ఒకటే. తేడా అంతా 80 మార్కుల ప్రశ్నపత్రంలోనే. బేసిక్‌లో సుమారు 60 మార్కులు గుర్తుంచుకున్నది, అర్థమైనది రాస్తే వచ్చేస్తాయి. స్టాండర్డ్‌లో అలాంటివి 43 దాకానే ఉంటాయి. మిగతా 37 మార్కులకు తెలిసిన సూత్రాన్ని కొత్త లెక్కకు వర్తింపజేయాలి, లేదా ఆలోచించి నిరూపించాలి. కాబట్టి బేసిక్ తీసుకుంటే చదవాల్సింది తగ్గుతుందనుకోవద్దు. తగ్గేది పరీక్షలో తిప్పలు మాత్రమే.

చిక్కు పదకొండో తరగతిలో వస్తుంది. బేసిక్ రాసినవారు పదకొండులో 041 మ్యాథమెటిక్స్ (పదకొండు, పన్నెండు లెక్కలకూ అదే కోడ్) తీసుకోకూడదన్నది సీబీఎస్‌ఈ మొదట పెట్టిన నియమం. వాళ్లకు మిగిలేది అప్లైడ్ మ్యాథమెటిక్స్. కోవిడ్ కాలం నుంచి బోర్డు దీన్ని సడలిస్తూ వచ్చింది. 2024-25కు కూడా, విద్యార్థికి ఆ సత్తా ఉందని ప్రిన్సిపాల్‌కు నమ్మకం కుదిరితే ఇవ్వొచ్చంది. అయితే సడలింపు నియమం కాదు. అది వస్తుందన్న ధీమాతో ఇప్పుడు బేసిక్ పెట్టించకండి. (ఒక తికమక కూడా ఉంది: పదో తరగతి బేసిక్‌కూ, పన్నెండో తరగతి అప్లైడ్‌కూ కోడ్ 241 ఒకటే. ఫారంలో కోడ్ ఒక్కటే చూసి ఊరుకోకుండా పక్కన సబ్జెక్టు పేరు కూడా చదవండి.)

అప్లైడ్ మ్యాథమెటిక్స్ చెత్త సబ్జెక్టేమీ కాదు. ఈఎంఐ, యాన్యుటీ, సూచీ సంఖ్యలు, కాలశ్రేణులు, శాంపిల్ నుంచి అంచనా కట్టడం ఇందులో ఉంటాయి. కామర్స్, ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్ వైపు వెళ్లేవారికి నిజంగా పనికొస్తుంది. కానీ 041లో ఉన్నంత త్రికోణమితి, వెక్టర్లు, త్రిమితీయ రేఖాగణితం ఇందులో ఉండవు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో వీటి అవసరం పడుతుంది. జేఈఈలో వీటి ప్రశ్నలు రాకుండా ఉండవు. అందుకే ఇంజనీరింగ్ మాట ఓ రోజైనా అంటున్న పిల్లకు స్టాండర్డే నా సలహా. 041 తీసుకున్న పిల్ల పన్నెండు తర్వాత సీఏకి, బీకాంకి, ఎకనామిక్స్‌కి ఎటైనా వెళ్లగలదు. అప్లైడ్ చదివిన పిల్ల తిరిగి ఇంజనీరింగ్‌కి రావాలంటే ఓపెన్ స్కూల్లో మ్యాథమెటిక్స్ (కోడ్ 311) విడిగా రాసి పాసవ్వాలి. ఆ దారి ఉంది గానీ ఒక ఏడాది దాకా పోవచ్చు.

ఇంకో మాట. 041 ఒక్కటే ఉంటే బీటెక్ రాదు, ఫిజిక్స్ కూడా ఉండాలి. ‘కామర్స్ విత్ మ్యాథ్స్’ తీసుకుంటే రెండు దారులూ తెరిచి ఉంటాయని కొందరు అనుకుంటారు, ఉండవు.

ఇక 80కి 46 అన్న అంకె చూసి మీరు గానీ బడి గానీ నిర్ణయం చెయ్యొద్దు. పోయిన 34 మార్కులు ఎలా పోయాయో చూడాలి. సీబీఎస్‌ఈ అకడమిక్ వెబ్‌సైట్లో నిరుటి స్టాండర్డ్ శాంపిల్ పేపరు, దాని మార్కింగ్ స్కీము ఉచితంగా దొరుకుతాయి. ఇంతవరకు బడిలో చెప్పిన పాఠాల ప్రశ్నలే ఏరి, ప్రశ్నకు ఇచ్చిన మార్కును బట్టి సమయం కట్టి (80 మార్కులకు 3 గంటలు, అంటే మార్కుకు రెండుంపావు నిమిషం) మధ్యలో లేవకుండా ఒకే విడతలో రాయించండి. తర్వాత స్కీము పక్కన పెట్టుకుని, పోయిన ప్రతి మార్కుకూ ఒక అక్షరం వేయించండి. గుర్తు తప్పు, కూడికల తప్పు అయితే ‘గ’. సూత్రం గుర్తు రాకపోతే ‘సూ’. ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోతే ‘మొ’. టైము చాలకపోతే ‘టై’. దిద్దడం అమ్మాయి చేతే చేయించండి, మీరు పక్కన కూర్చుంటే చాలు.

‘గ’, ‘సూ’, ‘టై’ ఎక్కువగా ఉంటే స్టాండర్డ్‌కి ఏ ఢోకా లేదు. ఇవి నాలుగైదు నెలల సాధనతో పోయేవే. పోయిన మార్కుల్లో సగానికి పైగా ‘మొ’ ఉంటే జబ్బు ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉందని అర్థం. అప్పుడు కూడా వెంటనే బేసిక్ అనకండి. బడి పేర్లు పంపే గడువు దాకా ఎనిమిదో తరగతి స్థాయి బీజీయ సమాసాలు, కారణాంక విభజన, ఒక చరరాశి సమీకరణాలు మళ్లీ చేయించి, ఇంకో పేపరు రాయించండి. అప్పటికీ ‘మొ’ తగ్గకపోతే, పైగా అమ్మాయికి లెక్కలంటే వెగటు పుడుతుంటే, బేసిక్ తీసుకుని కామర్స్‌కి వెళ్లడమే న్యాయం. బలవంతాన స్టాండర్డ్ రాయించి 35 తెప్పించుకున్న పిల్ల పదకొండులో మూడో నెలకే చేతులెత్తేస్తుంది.

పదో తరగతి పేపర్లో బీజగణితానికి 20 మార్కులు, రేఖాగణితానికి 15, త్రికోణమితికి 12, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యతలకు కలిపి 11, క్షేత్రమితికి 10, సంఖ్యావ్యవస్థకు 6, నిరూపక రేఖాగణితానికి 6. మార్కుల కోసం అన్నీ కావాలి. పదకొండు కోసమైతే మూడే ముఖ్యం: వర్గ సమీకరణాలు, త్రికోణమితి, నిరూపక రేఖాగణితం. ఆరు మార్కులే కదా అని నిరూపక రేఖాగణితాన్ని పిల్లలు పైపైన చూసి వదిలేస్తారు. పదకొండులో సరళరేఖలు, శాంకవాలు మొత్తం దాని మీదే నిలబడతాయి. ఘనపరిమాణం లెక్కల్లో మార్కులు బాగా వస్తాయి గానీ, పై తరగతిలో వాటికి కొనసాగింపు తక్కువ.

పదకొండులో పిల్లలు పడిపోయేది కొత్త పాఠాల వల్ల అనుకుంటాం. చాలాసార్లు పాత తప్పులే కాళ్లకు అడ్డుపడతాయి. ఎ ప్లస్ బి మొత్తం వర్గాన్ని ఎ వర్గం ప్లస్ బి వర్గం అని రాసేస్తారు, మధ్యలో 2ఎబి ఎగిరిపోతుంది. రెండు వర్గాల మొత్తానికి వర్గమూలం తీయమంటే విడివిడిగా తీసి కలిపేస్తారు. అసమానతను రుణసంఖ్యతో గుణించి గుర్తు తిప్పడం మరిచిపోతారు. సైన్ 30, సైన్ 60 కలిపితే సైన్ 90 అవుతుందనుకుంటారు. మొదటిది 0.5, రెండోది సుమారు 0.87, కలిపితే 1 దాటిపోతుంది, సైన్ 90 మాత్రం 1. ఇలా అంకెలు వేసి సరిచూసుకోవడం ఒక్కటి అలవాటైతే సగం తప్పులు వాటంతట అవే దొరికిపోతాయి. బోర్డు పరీక్ష అయిన దగ్గర్నుంచి పదకొండు మొదలయ్యేదాకా ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో మొదటి మూడు అధ్యాయాలు (సమితులు, సంబంధాలు-ప్రమేయాలు, త్రికోణమితీయ ప్రమేయాలు) రోజుకి గంట చొప్పున చేయించండి. రేడియన్లు అన్న మాట వినగానే బెదిరే పిల్లలకు ఆ సెలవులే మందు.

ఇప్పుడు ఎక్కడ చదవాలన్నది. మీకు మూడు దారులున్నాయి: అదే సీబీఎస్‌ఈలో 11, 12, ఒడిశా కౌన్సిల్ వారి ప్లస్ టూ సైన్స్, లేదా ఆంధ్రా ఇంటర్ ఎంపీసీ. ఒడిశా ప్లస్ టూలో గానీ ఆంధ్రా ఇంటర్‌లో గానీ లెక్కలకు స్టాండర్డ్, బేసిక్ అన్న విభజన లేదు. పాఠాలూ మూడు చోట్లా చాలావరకు కలుస్తాయి. ఆంధ్రాలో 2025-26 నుంచి మొదటి ఏడాది పాత 1ఎ, 1బి పేపర్లు పోయి 100 మార్కుల ఒకే పేపరు వచ్చింది. బంధువుల పిల్లల పాత గైడ్లు తెచ్చుకోవద్దు.

అసలు తేడా సీట్ల దగ్గర ఉంది. ఆంధ్రాలో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా ర్యాంకును బట్టి ఇచ్చే) సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికత కావాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. మీ అమ్మాయి పది రాయగడలో చదువుతోంది కాబట్టి రెండేళ్ల ఇంటర్‌తో స్థానికురాలు కాదు. మిగిలిన 15 శాతంలో పోటీ పడాలన్నా తల్లిదండ్రుల్లో ఒకరు ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండటం, లేదా అక్కడ ప్రభుత్వోద్యోగంలో ఉండటం వంటి షరతులున్నాయి. మీరు రాయగడలోనే పుట్టి పెరిగినవారైతే, అమ్మాయి ఆంధ్రా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్‌లో ఎంత మంచి ర్యాంకు తెచ్చినా కన్వీనర్ సీటు దక్కకపోవచ్చు. అప్పుడు మిగిలేది మేనేజ్‌మెంట్ కోటా. ఇంటి మాట తెలుగే కదా, ఆంధ్రా మనదే కదా అనుకుంటాం. కౌన్సెలింగ్‌లో మాత్రం స్టడీ సర్టిఫికెట్లే చూస్తారు.

జేఈఈ మెయిన్ లెక్క వేరు. అందులో సొంత రాష్ట్రం అంటే మీరున్న రాష్ట్రం కాదు, పన్నెండు పాసైన రాష్ట్రం. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి. ఒడిశాలో పన్నెండు పాసైతే రూర్కెలా, ఆంధ్రాలో పాసైతే తాడేపల్లిగూడెం. రూర్కెలా 1961 నాటిది, తాడేపల్లిగూడెం 2015లో వచ్చింది. ఒడిశాలో పుట్టి పెరిగిన పిల్ల ఒక్క ఇంటర్ కోసం రూర్కెలా సొంత కోటాను వదులుకోవడం నాకైతే సమంజసంగా కనబడదు. ఐఐటీల్లో రాష్ట్ర కోటా లేదు, కాబట్టి వాటి కోసమైతే ఎక్కడ చదివినా ఒకటే. ఒడిశాలో బీటెక్ సీట్లు కూడా జేఈఈ మెయిన్ ర్యాంకు మీదే, ఒజేఈఈ (ఆ రాష్ట్ర ప్రవేశాల సంస్థ) కౌన్సెలింగ్ ద్వారా నింపుతారు. బరంపురంలోని పరాల మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ప్రభుత్వానిది. అంటే ఇక్కడ ఉండిపోతే అమ్మాయి ఒక్క పరీక్షకే తయారైతే చాలు. ఒడిశా నివాస ధ్రువపత్రం మాత్రం ఈ ఏడే చేయించి పెట్టుకోండి.

భాష సంగతి కూడా చూసుకోండి. ఆంధ్రా ఇంటర్‌లో చాలా కాలేజీలు రెండో భాషగా తెలుగో సంస్కృతమో పెడతాయి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పిల్లలు చాలామంది రాయమంటే తడబడతారు. ఒడిశా ప్లస్ టూలో మాతృభాషల్లో తెలుగు ఉన్నా, చేరే కాలేజీలో చెప్పేవారు ఉంటేనే లాభం, ముందే అడగండి. సీబీఎస్‌ఈలోనే కొనసాగితే ఈ బెడద ఉండదు. రాయగడలోనో గుణుపురంలోనో లెక్కలు, ఫిజిక్స్ బాగా చెప్పే ప్లస్ టూ దొరికితే నా ఓటు దానికే. దొరకదు, హాస్టలు తప్పదు అనుకుంటే బరంపురం, భువనేశ్వర్ చూడండి. ఆంధ్రా ఆ తర్వాతే.

సీఏ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పది పాసయ్యాక ఫౌండేషన్‌కి పేరు నమోదు చేసుకోవచ్చు, పరీక్ష రాసేది పన్నెండు తర్వాతే. ఏ గ్రూపైనా పరవాలేదు. మూడో పేపర్లో 100 మార్కులకు బిజినెస్ మ్యాథ్స్ 40, స్టాటిస్టిక్స్ 40, లాజికల్ రీజనింగ్ 20. తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉంది. సైన్స్‌లో 041 చదివిన పిల్లకు ఈ లెక్కలు బరువు కావు. అకౌంటింగ్ మాత్రం మొదట్నుంచీ నేర్చుకోవాల్సి వస్తుంది.

బడివాళ్లు బోర్డుకు పేర్ల జాబితా పంపేముందు సంతకానికి ఒక కాగితం ఇస్తారు. అందులో అమ్మాయి పేరు పక్కన 041, మ్యాథమెటిక్స్ స్టాండర్డ్ అని ఉందో లేదో మీరే చూసి, ఒక ఫొటో తీసి ఉంచుకోండి. శీతాకాలంలో సరిహద్దు అవతలి కాలేజీల పీఆర్‌వోలు ఇంటికి వస్తారు, ఫీజులో రాయితీ అంటారు, అడ్వాన్సు కట్టమంటారు. వాళ్లని ఒక్కటే అడగండి: మా అమ్మాయికి ఏపీ ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో అర్హత ఏ నిబంధన కింద వస్తుందో కాగితం మీద రాసివ్వగలరా? రాసిచ్చేదాకా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.