పాత పికప్‌లో పెట్రోల్ పంపు పోయిందా, దానికి కరెంటే అందట్లేదా?

మీ పాత పెట్రోల్ పికప్ బెంజి సర్కిల్ దగ్గర ఆగింది, సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ అందుకోవట్లేదన్నారు. అప్పుడే పంపు కొనకండి. తాళం ఆన్ చేసి ట్యాంకు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు 'జుయ్'మనాలి. అనకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (పంపుకి కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా) చూడండి. హారన్ రిలే అదే రకమైతే మార్చి పెట్టి చూడొచ్చు. అయినా ఉలుకూ పలుకూ లేదా? ఇంకొకర్ని తాళం తిప్పమని, పంపు కనెక్టర్ దగ్గర వోల్టులు చూసే మీటరు పెట్టండి. 12 వోల్టులు వస్తూ, ఎర్త్ కూడా బాగుంటే పంపు పోయినట్టే. రాకపోతే తప్పు వైరింగుది. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లిగా తడితే స్టార్టయిందంటే పంపు మోటారు లోపల కరెంటు అందించే బ్రష్‌లు అరిగి ఉంటాయి. ఆ చిట్కా ఆటోనగర్ చేరేదాకే. శబ్దం వస్తున్నా బండి లాగకపోతే ప్రెజర్ గేజీ పెట్టించాల్సిందే. అన్నట్టు, ట్యాంకులో ఉండే పంపుని చల్లబరిచేది పెట్రోలే. బెజవాడ ఎండల్లో రిజర్వు మీద తిప్పకండి.