పరారుణాన్ని సెగ అనవచ్చా?

సందేహం: ‘అంతరిక్షంలోని పెద్ద కర్బన అణువుల పరారుణ ఉద్గారం’ అని ఒక పాఠంలో ఉంది. మరోచోట ‘అవరక్త’ అని చూశాను. ఏది ఒప్పు? పిల్లలకు దీన్ని ‘సెగ’ అని చెప్పవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, ఆత్రేయపురం

సమాధానం: రెండూ ఒప్పేనమ్మా. పర + అరుణ, సవర్ణదీర్ఘసంధి, ఎరుపుకు ఆవలిది, కంటికి కనిపించని వెలుగు. ‘అవ’ అంటే కింద. పౌనఃపున్యం, అంటే సెకనుకు కంపనాల లెక్క, ఎరుపుకన్నా తక్కువ కాబట్టి అవరక్తం. హిందీలో అది నిలిచింది, మన పాఠ్యపుస్తకాల్లో పరారుణం నిలిచింది. దాన్నే వాడండి.

ఇక సెగ. మీ ఊరి పేరు చూడగానే పూతరేకుల కుండ కళ్లముందు నిలిచింది. బోర్లించిన కుండ కింద ఎండాకుల మంట, పైన పిండినీళ్లలో ముంచిన గుడ్డ. కుండ ఎర్రగా మెరవదు, అయినా అరచెయ్యి దగ్గర పెడితే చురుక్కుమంటుంది. కంటికి ఆనకుండా, ముట్టుకోకుండానే తగిలేది సెగ. పరారుణానికి ఇంత దగ్గరి తెలుగుమాట నాకు మరొకటి తోచదు. కుండ లోపలి మసి కూడా మీ పాఠానికి చుట్టమే. తేనెపట్టు గదుల్లా కర్బన వలయాలు అతుక్కున్న అణువులు మసిలోనూ ఉంటాయి, నక్షత్రాల నడుమా ఉంటాయి.

అయితే కుండకు మంట ఎడతెగకుండా అందుతుంది. అంతరిక్షంలోని అణువు చుట్టూ ఉన్నది గడ్డకట్టే చలి. ఎక్కడో ఉన్న వేడి నక్షత్రం నుంచి వచ్చిన అతినీలలోహిత ఫోటాన్ (వెలుగు రేణువు) ఒక్కటి తగిలితే చాలు, అంత చిన్న ఒళ్లు సుమారు 1000 కెల్విన్ల దాకా కాగిపోతుంది. ఆ వేడిని కొద్ది సెకన్లలోనే పరారుణంగా వదిలి చల్లారుతుంది. పైగా ఆ వదలడం 3.3, 6.2, 7.7, 8.6, 11.3 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యాల దగ్గర పట్టీలు పట్టీలుగా ఉంటుంది. 3.3 దగ్గరిది కర్బన, హైడ్రోజన్ల మధ్య బంధం సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేది. 1970లలో గ్రహ నీహారికల్లో, అంటే ముసలి నక్షత్రాలు వదిలిన వాయుమేఘాల్లో, గుర్తించిన ఈ పట్టీలు ఇలాంటి అణువులవేనని 1980ల నడిమికి ప్రతిపాదించారు. ఇంత కొలత ‘సెగ’ మోయలేదు. పోలికకు సెగ, పారిభాషికానికి పరారుణం.

‘ఉద్గారం’ మాత్రం నా చెవికి ఎప్పుడూ ఇంపుగా లేదు. సంస్కృతంలో దానికి త్రేన్పు, కక్కడం అన్న అర్థాలున్నాయి. ‘వెలువరించడం’ అన్న చక్కని మాట ఉండగా పిల్లల నోటికి అదెందుకు? తరగతిలో ఇలా చెప్పి చూడండి: ‘నక్షత్రాల నడుమ మసిలాంటి అణువులు వెలుగు సోకి కాగి, పరారుణాన్ని వెలువరిస్తాయి.’