ముందు నీ పాలు, తర్వాతే డబ్బా పాలు

అమ్మడూ,

నిన్న రాత్రి ఫోన్లో "డాక్టరమ్మ డబ్బా పాలు రాసింది పెద్దమ్మా, ఇక నా పాలు పనికిరావా?" అని ఏడ్చావు. నీ వెనక బాబు ఏడుపు, మధ్యలో మీ అత్తగారి మాటలు, ఏదీ సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. బాబు పడుకున్నప్పుడు కొంచెం కొంచెంగా చదువుకో.

వాడు పుట్టినప్పుడు 2.7 కిలోలు. మొదటి వారంలో తగ్గి, రెండో వారానికి మళ్ళీ ఆ బరువుకు వచ్చాడు. ఇది అందరు పిల్లల్లోనూ జరిగేదే. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. మనవాడు మూడు వారాల్లో 250 గ్రాములే పెరిగాడు, అంటే రోజుకు 12 గ్రాములు. నీకు పాలు పడుతున్నాయి, కానీ వాడికి కావలసినంత అందడం లేదు. ఆపరేషన్ అయిన మొదటి రెండు రోజులు బిడ్డను నీ దగ్గర సరిగ్గా పెట్టలేదన్నావు కదా, ఆలస్యం అక్కడే మొదలైంది. అందులో నీ తప్పేమీ లేదు. డాక్టరమ్మ కూడా నీ పాలు మాన్పించమనలేదు, రోజుకు మూడుసార్లు 40 మి.లీ. చొప్పున పైన పట్టమంది. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఆ తేడా నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మీ అక్క పుట్టినప్పుడు నేనింకా ఉద్యోగంలో చేరలేదు. పాలు చాలడం లేదని ఎవరో అంటే డబ్బా తెప్పించాం. సీసాలో పాలు తేలిగ్గా వస్తుంటే అది రొమ్ము పట్టుకోవడం మానేసింది, నేనూ బలవంతం చేయలేదు. మూడు వారాల్లో నా పాలు ఎండిపోయాయి. డబ్బా ఖరీదు మా జీతానికి భారం. నాలుగు చెంచాలు వేయాల్సిన చోట మూడు వేసి, నీళ్ళు సరిపెట్టేదాన్ని. కడుపు నిండినట్టే ఉండేది, పిల్ల మాత్రం పెరగలేదు. తర్వాత కాన్పుల వార్డులో 31 ఏళ్ళు పనిచేసి, ఎందరో తల్లులకు ఇదే విషయం చెప్పాను. ఇప్పుడు నీకూ చెబుతున్నాను. డబ్బా పాలు కలిపి ఇవ్వడం తప్పు కాదు తల్లీ. కొలత తప్పితేనే ప్రమాదం, వరస తప్పితేనే నీ పాలు తగ్గుతాయి.

వరస అంటే, ప్రతిసారీ ముందు నీ దగ్గరే పట్టాలి. ఒక వైపు పూర్తిగా తాగాక రెండో వైపు. నోట్లో మొన ఒక్కటే ఉంటే పాలు దిగవు, నీకు పుండు పడుతుంది. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. వాడు గుటకలు వేయడం ఆగి నిద్రలోకి జారుతుంటే అరికాలు మెల్లగా గీరు. రెండు వైపులా అయ్యాక, డాక్టరమ్మ చెప్పిన మూడు పూటలు మాత్రమే పైపాలు పట్టు. అది కూడా సీసాతో వద్దు, ఉగ్గుగిన్నెతో. పెదవికి ఆనించి కొద్దికొద్దిగా వంచితే వాడే చప్పరిస్తాడు, గొంతులో పోయకు. సీసా తప్పదనుకున్న రోజున బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టి, సీసా అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్యలో ఆపుతూ పట్టు. 40 మి.లీ. గటగటా తాగేశాడంటే ఆకలితో మాడిపోయాడని అర్థం కాదు. నోట్లో పడితే చప్పరించడం ఈ వయసులో పిల్లల స్వభావం.

పైపాలు పట్టిన ప్రతిసారీ, ఆ తర్వాత పది నిమిషాలు చేత్తోనో పంపుతోనో నీ పాలు తీయి. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తొందరగా మళ్ళీ తయారవుతాయి. పాలు రొమ్ములోనే నిలవుండిపోతే శరీరం ఇక అక్కర్లేదనుకుంటుంది. నాలుగు చుక్కలే వచ్చాయని దిగులు పడకు, మొదటి వారం అలాగే ఉంటుంది. తీసిన పాలనూ డబ్బా పాలనూ ఒకే గిన్నెలో కలపకు. ముందు నీవి పట్టు, తర్వాత అవి. కలిపాక మిగిలితే డబ్బా పాలతో పాటు అంత కష్టపడి తీసినవీ పారబోయాల్సి వస్తుంది.

రాత్రి డబ్బా పాలు పడితే బాగా నిద్రపోతాడని మీ అత్తగారు అన్నారట. ఆవిడ నీ అలసట చూడలేక అన్నమాట, కోపం తెచ్చుకోకు. కానీ పాలు తయారుచేయించే హార్మోన్ రాత్రిళ్ళే ఎక్కువ. ఆ పూట మానేస్తే నెమ్మదిగా పగటి పాలు కూడా తగ్గుతాయి. పైపాలు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పెట్టుకో. రాత్రి నీ పక్కనే పట్టు. సాయంత్రం ఆ పైపాలు మీ ఆయన పట్టి తేన్పు తీయిస్తే నీకు గంట నిద్ర దొరుకుతుంది. ఆ గంట చాలా అవసరం.

ఇక కొలత. చాలా డబ్బాల్లో 30 మి.లీ. నీళ్ళకు ఒక చెంచా ఉంటుంది, నీ డబ్బా మీద ఏముందో అదే పాటించు. ముందు నీళ్ళు, తర్వాత పొడి. డబ్బాలో ఉన్న చెంచానే వాడి, పైన చాకు వెనకతో చదును చేయి, నొక్కి నింపకు. తక్కువ వేస్తే బలం అందదు, ఎక్కువ వేస్తే నీళ్ళు చాలక బిడ్డకు ప్రమాదం. పొడిలో కూడా సూక్ష్మజీవులు ఉండొచ్చు. అందుకే నీళ్ళు మరగకాచి, అరగంట దాటకుండా ఇంకా వేడిగా ఉన్నప్పుడే కలిపి, గిన్నెను చన్నీళ్ళలో పెట్టి చల్లార్చు, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని పట్టు. బిడ్డ తాగి వదిలేసినవి పారబోయి, మళ్ళీ పట్టకు. ఉగ్గుగిన్నె రోజూ పది నిమిషాలు మరిగించు.

ఆవుపాలు ఏడాది నిండేవరకు వద్దు. ఆరు నెలల లోపు మంచినీళ్ళు, గ్రైప్ వాటర్ వద్దు. తేనె నాకించమని ఎవరన్నా ఏడాది దాకా నాకించకు. నీ పత్యంలో వెల్లుల్లి కారం, బొప్పాయికాయ కూర, పాలసొర పుట్టు తిను, ఒంటికి మంచిదే. కానీ పాలు పెరిగేది బిడ్డ తాగడం వల్లే. వీడియోల్లో ఫలానా డబ్బా గొప్పదని ఎవరైనా చెబితే నమ్మకు. మన దేశంలో 1992 చట్టం ప్రకారం శిశువుల డబ్బా పాలకు ప్రకటన ఇవ్వడమే నేరం.

ఏడ్చిన ప్రతిసారీ డబ్బా తెరవకు. సాయంత్రాలు ఈ వయసు పిల్లలు ఊరికే ఏడుస్తారు. ఒంటికి ఆనించుకుని తిప్పితే ఊరుకుంటారు. నువ్వు చూడాల్సింది రెండే: రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం, వారానికోసారి అదే కాటా మీద బరువు. వారానికి 150 గ్రాముల పైన పెరుగుతూ రెండు మూడు వారాలు నిలబడితే, డాక్టరమ్మను అడిగి మూడింటిలో ఒక పూట తగ్గిద్దాం. ఒకేసారి మానేయొద్దు. ఒకవేళ తగ్గించలేకపోయినా, ఆఫీసుకు వెళ్ళాక ఒక పూట డబ్బా పాలే పట్టాల్సి వచ్చినా, నువ్విచ్చే మిగతా పాలన్నీ వాడికి అందుతూనే ఉంటాయి. పిల్లాడికి 15 నెలలు వచ్చేదాకా ఆఫీసులో రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం అడిగే హక్కు నీకు చట్టంలో ఉంది. మొహమాటపడకు.

బాబు మగతగా ఉండి తాగకపోయినా, మూత్రం తగ్గినా, నీ రొమ్ము ఎర్రబడి చలిజ్వరం వచ్చినా నా ఫోన్ కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్ళు. రొమ్ము వాచినా బిడ్డకు పట్టడం ఆపనక్కర్లేదు.

గురువారం బరువు చూపించాక అంకె మెసేజ్ పెట్టు. శనివారం బస్సుకు వస్తున్నాను. నా బీరువాలో మీ అక్కకు చేయించిన వెండి ఉగ్గుగిన్నె ఉంది, తోమి తెస్తాను. వచ్చాక రెండు రాత్రులు నీ పక్కనే ఉండి, వాడు ఎలా పట్టుకుంటున్నాడో దగ్గరుండి చూస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ