అమ్మలూ, ఆ బండికి మళ్ళీ సెల్ఫ్ కొట్టే ముందు ఇది చదువు

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నాన్న అంబాసిడర్‌లో ప్లగ్గులకి స్పార్క్ పుట్టించే పాత పాయింట్లు, కండెన్సర్ తీసేసి, వాటి బదులు ఎలక్ట్రానిక్ కిట్ బిగించావట. అప్పట్నుంచి బండి స్టార్ట్ కావడం లేదట. సంక్రాంతికి ఆ బండిలోనే హైదరాబాద్ నుంచి బెజవాడ వస్తానన్నావట. ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ విప్పి బిగించే ఆడపిల్ల మన ఇంట్లో ఉందని పొద్దున్నే ఆటోనగర్ వెళ్ళి నా పాత షెడ్డులో అందరికీ చెప్పి వచ్చాను. కానీ రాత్రంతా నాకు నిద్ర లేదు.

ముందు ఒక మాట. కార్బొరేటర్‌లో పెట్రోలు పోయకు. ఎవరు చెప్పినా సరే, చుక్క కూడా వద్దు.

చిన్న చిన్నవి చూసుకో. బ్యాటరీ బాగుందా, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటార్ మళ్ళీ పెట్టావా, దాని పైమూత, అదే క్యాప్, సరిగ్గా కూర్చుందా. కిట్ ఎర్ర వైరు, స్పార్క్ కోసం ఓల్టేజ్ పెంచే కాయిల్ ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి వెళ్ళాలి. తారుమారైతే కిట్ కాలిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల ప్లేటు నుంచి బాడీకి చిన్న అల్లిక తీగ ఒకటి ఉంటుంది. పాయింట్లు తీసేటప్పుడు అది ఊడిపోయినా, తెగినా కిట్‌కి ఎర్తింగ్ అందదు.

మీ అమ్మ చెప్పిన ఒక సంగతి మాత్రం నా మనసులో తిరుగుతోంది. సెల్ఫ్ తిరిగినంతసేపూ ఏమీ ఉండదట, తాళం వదిలేసే క్షణంలో ఇంజిన్ ఒక్కసారి దగ్గుతుందట. కిట్ ఎర్ర వైరుకి కరెంటు మ్యూజిక్ సిస్టమ్ లైన్లోంచి తీశావా? చాలా తాళం స్విచ్చుల్లో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ లైన్ ఆగిపోతుంది. అప్పుడు కిట్‌కి కరెంటే లేదు, ఇక స్పార్క్ ఎక్కడిది? తాళం వదిలేసరికి కరెంటు వస్తుంది, అప్పటికి ఇంజిన్ ఆగిపోతుంటుంది. మల్టీమీటర్ పెట్టి, ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించి, ఎర్ర వైరు దగ్గర ఓల్టేజ్ చూడు. బ్యాటరీ దగ్గర ఎంతుందో ఇక్కడా దాదాపు అంతే ఉండాలి. సున్నాకి పడిపోతే తప్పు అక్కడే. సగమే వస్తుంటే కాయిల్‌కి ముందు రెసిస్టర్ ఏదైనా ఉందేమో వెతుకు. పాయింట్లు దానితో నడుస్తాయి కానీ కిట్‌కి పూర్తి కరెంటు కావాలి.

ఇక ప్లగ్గు వైర్లు. నాలుగూ ఒకేసారి పీకేశావని తెలిసి నా గుండె ఆగినంత పనైంది.

1987లో పెళ్ళిళ్ళ సీజన్. పెళ్ళివారి అంబాసిడర్ ఒకటి తెల్లారేసరికి వెళ్ళిపోవాలి. నేను నీలాగే గుర్తులు పెట్టుకోకుండా నాలుగు వైర్లూ పీకాను. కింద పుల్లీ మీద, పిస్టన్ పైకొచ్చిందని చూపే గుర్తు చూసి, ఒకటో సిలిండర్ ఫైరింగ్‌లో ఉందనుకుని, సిలిండర్లు ఫైరయ్యే 1-3-4-2 వరసలో మళ్ళీ పెట్టేశాను. పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది తల్లీ. ఒకసారి ఫైరింగ్‌కి, ఇంకోసారి పొగ బయటికి పంపడానికి. రోటార్ ఒక్క చుట్టు తిరిగేలోపు ఇంజిన్ రెండు చుట్లు తిరుగుతుంది. నేను పొగ వంతు చూసి వైర్లు పెట్టాను. పద్ధతిగా చూసే ఓపిక లేక, పెట్రోలు అందట్లేదని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఎయిర్ ఫిల్టర్ తీసి, సీసాతో కార్బొరేటర్‌లో పోసి, కుర్రాణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను.

మంట ఇంజిన్‌లోంచి వెనక్కి తన్నింది. కార్బొరేటర్ నోట్లోంచి నీలంగా లేచి, సీసా మూతిని అందుకుంది. సీసా వదిలేశాను, అది పగిలి నా కాళ్ళ దగ్గర పెట్రోలంతా అంటుకుంది. ఆ రాత్రి మీ నాన్న నన్ను భోజనానికి పిలవడానికి షెడ్డుకొచ్చారు. అప్పటికి మీ అమ్మకీ ఆయనకీ పెళ్ళై ఏడాది కూడా కాలేదు. నీళ్ళ తొట్టి మీద పరిచిన తడి గోనె లాగి నా మీద వేశారు, ఇంకోటి ఇంజిన్ మీద వేశారు. కుర్రాణ్ణి చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చారు. మాట్లాడకుండా నా చేతిని తొట్టిలో ముంచి, అరగంట అలాగే పట్టుకుని కూర్చున్నారు. నా కుడి మణికట్టు మీద వెంట్రుకలు ఎందుకు లేవని చిన్నప్పుడు అడిగేదానివి కదా, ఇదీ కారణం. ఇప్పుడు నీ దగ్గర మీ నాన్న లేరు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాళం తీసేసి, నాలుగు ప్లగ్గులూ విప్పు. ఒకటో సిలిండర్ ప్లగ్గు కన్నం మీద బొటనవేలు ఆనించు, ఎవరినైనా ఇంజిన్ చేత్తో మెల్లగా తిప్పమను. గాలి నీ వేలిని నెట్టేస్తుంది. అప్పుడు పుల్లీ మీద గుర్తు కలిస్తేనే అది ఫైరింగ్. క్యాప్ తీసి చూడు. రోటార్ ఎటు చూస్తుంటే అది ఒకటో వైరు చోటు. అక్కణ్ణుంచి 3, 4, 2 వైర్లు గడియారం తిరిగే దిక్కుకి ఎదురుగా రావాలి. స్పార్క్ చూడాలంటే ప్లగ్గు ఒంటిని ఇంజిన్‌కి గట్టిగా ఆనించి, కార్బొరేటర్‌కి దూరంగా చూడు. వైరు చేత్తో పట్టుకోకు, షాక్ గట్టిగా ఉంటుంది. స్టార్ట్ కాకుండా తాళం ఆన్‌లో వదిలేయకు, కాయిల్ వేడెక్కుతుంది.

నాన్న పాత పాయింట్లు, కండెన్సర్ పారేయలేదు కదా? ఒక గుడ్డలో చుట్టి, డాష్‌బోర్డు అరలో స్క్రూడ్రైవర్‌తో సహా పెట్టుకో. సూర్యాపేట దాటాక కిట్ చచ్చిపోతే అవే నిన్ను ఇంటికి చేరుస్తాయి.

రేపు పొద్దున ఆరింటికి వీడియో కాల్ చెయ్యి. క్యాప్ తీసి, ఫోన్ రోటార్ మీద పెట్టు. నేను చూసేదాకా సెల్ఫ్ కొట్టకు. పక్కన బకెట్ నిండా ఇసక, తడి గోనె పెట్టుకుని కూర్చో.

మావయ్య