జింజా వెళ్తున్న శ్రీనుకి

చిరంజీవి శ్రీనుకి,

మామయ్య ఆశీస్సులు. ఉగాండాలో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. జింజా మంచి ఊరు. విక్టోరియా సరస్సులోంచి నైలు నది బయల్దేరేది అక్కడే. పద్నాలుగేళ్లు అక్కడి ఉప్పు తిన్నవాణ్ణి, ఎంతైనా పొగడగలను. కానీ నువ్వు మీ అమ్మతో అన్న ఒక మాట నాకు నచ్చలేదు. "అక్కడివాళ్లకి మలేరియా ఏమీ చెయ్యదట, రెండేళ్లుంటే మనకీ అలవాటైపోతుందట" అన్నావట. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇదేరా.

నువ్వు విన్నది పెద్దవాళ్ల సంగతి. వాళ్లు చిన్నప్పుడు ఏడాదిలో ఎన్నోసార్లు ఆ జ్వరం పడి లేచినవాళ్లు. లేవలేనివాళ్ల లెక్క ఎవరూ నీకు చెప్పలేదు. ఆఫ్రికాలో మలేరియా చావుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఐదేళ్లలోపు పిల్లలవే. బతికినవాళ్లకైనా జబ్బు రాకుండా పోదు. ముందు ప్రాణం మీదకి రాకుండా ఆగుతుంది, తర్వాత ఎప్పటికో జ్వరం తగ్గుతుంది, క్రిములు మాత్రం రక్తంలో ఉంటూనే ఉంటాయి. మా ఆఫీసు డ్రైవర్‌కి ఓసారి ఊరికే పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. ఆయన మాత్రం పళ్లెం నిండా మటోకె (అక్కడి పచ్చి అరటికాయ కూర) తిని, పాట పాడుకుంటూ బండి నడిపాడు.

వాళ్ల రక్తంలో ఏదో ఉందన్నది నిజమే. 1961లో పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో పెద్దవాళ్ల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను, అంటే జబ్బుతో పోరాడే పదార్థాలను, జబ్బుపడ్డ పిల్లలకి ఇస్తే క్రిములు బాగా తగ్గాయి. కానీ ఆ క్రిమి మాటిమాటికీ వేషం మారుస్తుంది. దాని వేషాలన్నీ ఒంటికి గుర్తుండాలంటే ఏళ్ల తరబడి కుట్టించుకోవాలి, మానేస్తే ఒళ్లు మరిచిపోతుంది. నాతో పనిచేసినాయన అక్కడే పుట్టి పెరిగినవాడు. లండన్‌లో ఆరేళ్లు చదివి క్రిస్మస్‌కి సొంతూరు వెళ్లి, మూడో వారానికి ఆసుపత్రిలో తేలాడు. నాకూ అక్కడికెళ్లిన తొమ్మిదో ఏట గర్వం వచ్చి దోమతెర మడిచి అటక మీద పెట్టేశాను. మలేరియా పట్టుకుని, దాని మందు క్వినైన్ సెలైన్‌లో ఎక్కిస్తే నాలుగు రోజులు చెవుల్లో రైలు కూత.

అమ్మాయికి నాలుగో నెల అని విన్నాను. కాన్పు అయ్యేదాకా తీసుకెళ్లొద్దు. ఈ ఒక్క మాట నా పంతం అనుకో. అక్కడ పుట్టి పెరిగిన ఆడవాళ్లకే తొలి చూలులో రక్షణ సడలుతుంది. క్రిములు కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయలో చేరి దాక్కుంటాయి, ఆ వేషం అప్పటిదాకా ఒళ్లు చూసి ఉండదు. ఇక మన అమ్మాయి సంగతి చెప్పాలా? పైగా అక్కడి తల్లుల నుంచి పిల్లలకి మొదటి కొన్ని నెలలు కొంత కాపు వస్తుంది. మన పాపకి అదీ రాదు. అందుకే బిడ్డతో వెళ్లే ముందు డాక్టర్‌ని అడగండి. గర్భిణులకి, పసిపిల్లలకి అన్ని మాత్రలూ పనికిరావు.

నీకు మాత్రం నివారణ మాత్రలు ముందే రాయించుకో. డాక్సీసైక్లిన్ రాస్తే బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. చాలామంది విమానం దిగగానే ఆపేస్తారు. ఎల్లో ఫీవర్ సూది పది రోజుల ముందే వేయించుకో, ఆ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకో.

అక్కడ జ్వరాన్ని ఒముసుజ్జా అంటారు. వస్తే ఆ రోజే పరీక్ష చేయించు. మనలాంటి కొత్త ఒంటికి కొద్దిపాటి క్రిములకే జ్వరం కాస్తుంది కాబట్టి మొదటి రక్తపరీక్ష స్లైడులో దొరక్కపోవచ్చు. జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించు. మూడు రోజుల మాత్రలిస్తే పాలతోనో భోజనంతోనో వేసుకో, రెండో రోజు ఒళ్లు తేలిక పడిందని ఆపకు.

సంక్రాంతికి ఇంటికొచ్చాక జ్వరం తగిలితే, డాక్టర్ టైఫాయిడ్ అని రాసేలోపే "ఉగాండా నుంచి వచ్చాను" అని చెప్పు. మూడు నెలల దాకా ఆ మాట మరవకు.

దోమతెర ఇక్కణ్ణుంచి మోసుకెళ్లకు, మందు పట్టించినవి అక్కడే దొరుకుతాయి. ఆ బరువుకి ఆవకాయ పట్టుకెళ్లు.

మీ మామయ్య