ఎండీఆర్ టీబీ వార్డులో ఉన్న మా తమ్ముడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. ధైర్యం ఎలా చెప్పాలి?

చేరి నెలరోజులైందని, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని, "నన్ను చూడ్డానికి రావద్దు" అంటున్నాడని రాశారు. ధైర్యం సంగతి తర్వాత చూద్దామండీ. ముందు అతని మందుల్లో సైక్లోసెరిన్ ఉందేమో అడగండి.

2017లో నాకు వచ్చిందీ ఎండీఆర్ టీబీయే, అంటే మామూలు టీబీ మందులకు లొంగని రకం. అప్పటి కోర్సు దాదాపు రెండేళ్లు. మొదటి నెలల్లో కనామైసిన్ ఇంజక్షన్లు, వాటితోపాటు గుప్పెడు మాత్రలు. ఇథియోనమైడ్ వేసుకుంటే తిన్నది కడుపులో నిలిచేది కాదు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. మూడో వారం నుంచి మాత్రం నిద్ర పట్టేది కాదు. పక్క మంచం పెద్దాయన దగ్గితే నా గురించే ఎవరికో సైగ చేస్తున్నాడనిపించేది. ఒకరోజు అమ్మ క్యారియర్ తెస్తే మూత కూడా తియ్యకుండా తిప్పి పంపాను. ఆకలి లేదన్నాను. అన్నంలో ఏదో కలిపిందని నా అనుమానం! ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

రౌండ్‌కి వచ్చిన డాక్టరు ఎలా ఉందంటే దగ్గు గురించి, బరువు గురించి చెప్పేవాణ్ని. మనసు మాట ఎత్తేవాణ్ని కాదు. టీబీ అనే ముద్ర ఒకటి ఉండనే ఉంది, పైన పిచ్చోడన్న ముద్ర కూడా ఎందుకని. రాత్రి రెండింటికి వరండాలో తిరుగుతుంటే డ్యూటీ సిస్టర్ గమనించి, పొద్దున్నే ఆమే డాక్టరుకి చెప్పింది. సైకియాట్రిస్టు వచ్చి చూశారు. సైక్లోసెరిన్ కొందరిలో దిగులు, భ్రమలు, చనిపోవాలన్న ఆలోచనలు, ఫిట్స్ కూడా తెప్పిస్తుందట. అది ఆపి వేరే మందు పెట్టారు. రెండు వారాల్లో తేరుకున్నాను. అప్పటిదాకా అదంతా నా పిరికితనమే అనుకున్నాను.

మీరు మాత్రం సొంతంగా ఏ మాత్రా మాన్పించకండి. మధ్యలో మానేస్తే ఆ క్రిమి మిగతా మందులకూ లొంగకుండా తయారవుతుంది. మార్చాల్సింది డాక్టరే. ఎన్నాళ్లుగా నిద్ర లేదు, ఏం మాట్లాడుతున్నాడు అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. రౌండ్‌లో దొరికేది రెండు నిమిషాలే.

మందు వల్ల కాకపోయినా, మనిషిని కుంగదీయడానికి ఆ వార్డు చాలు. మా బంధువు ఒకావిడ నాకు విడిగా గ్లాసు, కంచం పెట్టించింది. టీబీ గాలి ద్వారా వస్తుంది గానీ కంచాల వల్ల రాదని అప్పుడు ఆవిడకు చెప్పే ఓపిక నాకు లేదు. మీరు మాస్కు పెట్టుకుని, కిటికీలు తీసి, దగ్గర కూర్చోండి. రావద్దన్నా వెళ్లండి. మా బావ వచ్చినప్పుడల్లా నా ఒంటి సంగతే ఎత్తకుండా, పొలంలో బోరు మోటారు కాలిపోయిన కథ గంటసేపు చెప్పేవాడు. "ఏం కాదు, ధైర్యంగా ఉండు" అన్నవాళ్లు ఒక్కరూ గుర్తులేరు, ఆ మోటారు మాత్రం గుర్తుంది.

చనిపోతానన్న మాట అతని నోట వస్తే ఆ పూటే సిస్టర్‌కి చెప్పండి, ఒంటరిగా వదలకండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి రాత్రిపూటైనా ఫోన్ చేయొచ్చు. డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నట్టు, ఈసారి వెళ్లేటప్పుడు పొడుగు వైరున్న చార్జరు పట్టుకెళ్లండి. వార్డుల్లో ప్లగ్గు మంచానికి ఎప్పుడూ అందదు.