గెలిచిన రాజుది ఒకటి చదివితే ఓడినవాడిదీ ఒకటి చదవాలి

రాజులు, నాయకుల జీవిత చరిత్రలు చదవాలనుంది, ఎవరితో మొదలుపెట్టాలి, అసలు వీటివల్ల ఉపయోగం ఉందా అని అడిగారు. ఉంది. కానీ ఒక్కరిది చదివి ఆపేస్తే ఉపయోగం కన్నా నష్టమే ఎక్కువని నా గట్టి నమ్మకం. గెలిచినవాడిది చదివితే, ఆయన చేతిలో ఓడినవాడిది కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ఈ మాట నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా అమ్మమ్మ, తాతయ్యల వల్ల తెలిసింది.

అమ్మమ్మ పుట్టిల్లు బొబ్బిలి దగ్గర పల్లె. తాతయ్యది విజయనగరం. నేను పెరిగింది విశాఖపట్నంలో అయినా వేసవి సెలవులిస్తే చాలు, విజయనగరం బస్సెక్కించేసేవారు. రాత్రి డాబా మీద పక్కలు వేశాక అమ్మమ్మ బొబ్బిలి కథ ఎత్తుకునేది. చిన్నప్పుడు జంగాలు పాడగా విన్న కథ. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులూ, విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు సేనలూ కోటని చుట్టుముట్టడం, ఇక దక్కదని తెలిశాక కోటలోని ఆడవాళ్లనీ పిల్లల్నీ బొబ్బిలివాళ్లే చంపుకోవడం, బొబ్బిలి రాజు రంగారావు పోరాడుతూ పడిపోవడం, అన్నీ చూసొచ్చినట్టే చెప్పేది. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచే చోట ఆవిడ గొంతు పెరిగేది. ఆ మాట రాగానే తాతయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు.

నాకు పదకొండేళ్లప్పుడు తాతయ్య నన్ను పద్మనాభం తీసుకెళ్లారు. దారంతా తాటిచెట్లు, జీడితోటలు. బస్సు దిగిన చోట ముంజలు కొనిపెట్టారు. కొండెక్కి అనంత పద్మనాభస్వామిని చూసి, కిందికొచ్చి కుంతీమాధవస్వామికి దండం పెట్టుకున్నాక, రాజుగారి సమాధి దగ్గర ఆగి చెప్పులు విప్పమన్నారు. నేల కాలిపోతోంది. "మా విజయరామరాజుగారు ఈ ఊళ్లోనే ప్రాణం వదిలారురా" అన్నారు. ఆయన గొంతు జీరపోవడం నేను అదే మొదటిసారి వినడం.

నేను వెంటనే, "పాపారాయుడు పొడిచింది ఇక్కడేనా తాతయ్యా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఎండుపుల్ల తీసుకుని నేల మీద ఒక గీత గీసి, ఈ చివర 1757 అని, ఆ చివర 1794 అని రాశారు. పేరొకటే గానీ మనుషులు వేరన్నారు. పాపారాయుడు చంపింది పెద విజయరామరాజుని. తర్వాత గద్దెకొచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్లని వదిలేసి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ పక్కన నిలబడ్డాడు. దత్తు వచ్చిన చిన విజయరామరాజు కాలానికి ఆ ఇంగ్లీషు కంపెనీయే పేష్కషు, అంటే కప్పం, బకాయిలంటూ పీకల మీద కూర్చుంది. జమీ వదిలేసి పింఛను పుచ్చుకుని మద్రాసు పొమ్మంది. ఆయన పోలేదు, తనని నమ్ముకున్నవాళ్లతో వచ్చి పద్మనాభంలో దిగాడు. 1794 జులై 10 తెల్లవారుజామున కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలు వచ్చిపడ్డారు. గంటైనా పట్టలేదు. రాజూ, ఆయనతో నిలబడ్డ దొరలూ ఎందరో అక్కడే పోయారు.

ఒక సంస్థానం ముప్ఫై ఏడేళ్లలో ఒక తెల్లవాడితో చేయి కలిపి పొరుగు కోటని కూల్చి, ఇంకో తెల్లవాడిని పిలిచి, చివరికి వాడి చేతిలోనే అయిపోయింది. అదంతా ఆ పుల్లగీత మీద నాకు పావుగంటలో అర్థమైంది. మా స్కూలు పుస్తకంలో ఈ రెండు యుద్ధాలకీ కలిపి నాలుగు వాక్యాలు కూడా లేవు.

ఇంటికెళ్లేసరికి అమ్మమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతోంది. "ఈ విజయరామరాజు మంచోడు అమ్మమ్మా" అన్నాను. చెయ్యి ఆపకుండానే అంది: "సెడ్డోడని నేనన్నానేటిరా? ఆయన సావు తల్సుకుంటే నాకూ ఏడుపొస్తాది. మరి కోటలో మా ఆడోళ్లు సచ్చిపోయినందుకు మీ తాత ఎప్పుడైనా ఏడ్సేడేటి?"

వసారాలో ఉన్న తాతయ్యకి వినబడింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి అమ్మమ్మ కథ ఎత్తుకుంటే మాత్రం గోడవైపు తిరగకుండా, చివరిదాకా మావైపే తిరిగి పడుకున్నారు.

అప్పట్నుంచి ఎవరి చరిత్ర పట్టుకున్నా రెండోవాడి కోసం వెతకడం నాకు అలవాటైపోయింది. అశోకుణ్ణే తీసుకోండి. కళింగలో లక్షమంది చచ్చిపోయారు, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారు, నాకు పశ్చాత్తాపంగా ఉంది అని 13వ శాసనంలో చెక్కించాడు. ఇది అందరికీ తెలుసు. కానీ కళింగ గడ్డ మీదే ఉన్న ధౌలీ, జౌగడ రాళ్ల మీద ఆ శాసనం లేదు, దాని బదులు అధికారులకిచ్చిన వేరే ఆజ్ఞలున్నాయి. పశ్చాత్తాపపడ్డానన్న మాట ఓడినవాళ్ల గడ్డ మీద చెక్కించలేదు! ఆనాటి కళింగ రాజు పేరైనా ఆ శాసనం చెప్పదు. ఇది తెలిశాక నేను అశోకుణ్ణి గౌరవించడం మానలేదు గానీ, పశ్చాత్తాపం ఒక్కదాని గురించే రాసే పుస్తకాలు కొనడం మానేశాను.

శ్రీకృష్ణదేవరాయల విషయంలోనూ అంతే. 1516లో సింహాచలం వచ్చి అప్పన్నకి నగలు సమర్పించుకున్నాడని విశాఖలో అందరూ గర్వంగా చెబుతాం, అక్కడ శాసనమే ఉంది. కానీ ఆయన వచ్చింది ఉత్త యాత్రికుడిగా కాదు, ఒడిశా ఏలే ప్రతాపరుద్ర గజపతి మీద దండెత్తి, ఉదయగిరి, కొండవీడు గెలుచుకుంటూ వచ్చాడు. మనకి ఓడిపోయిన రాజుగానే తెలిసిన ఆ ప్రతాపరుద్రుడు పూరీ వైపు చైతన్య మహాప్రభువు భక్తుడు. అక్కడ ఆయన పేరు ఎంత భక్తిగా తలుచుకుంటారో తెలిశాకే నాకు ఆ యుద్ధం రెండువైపులా కనబడింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. రాయలకి కలలో ఆంధ్ర విష్ణువు కనబడి ఆముక్తమాల్యద రాయమన్న శ్రీకాకుళం మన ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, కృష్ణాతీరంలోది. ఏటా ఎవరో ఒకరు దీన్ని తప్పుగా వాట్సాప్‌లో తిప్పుతారు, నేను ఏటా దిద్దుతూనే ఉంటాను. పుస్తకంలో ఒక్క మ్యాపు వేస్తే తీరిపోయే గొడవ. మన జీవిత చరిత్రల్లో మ్యాపు ఉండదు, వంశవృక్షం ఉండదు, పొగడ్తలు మాత్రం పేజీలకి పేజీలు.

పొగడ్త కన్నా పరాయివాడి కన్ను నయం. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయల్ని దగ్గరగా చూసి రాశాడు. మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, కాస్త లావు, ముఖం మీద మశూచి మచ్చలు, ఉన్నట్టుండి కోపం. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, ఆ నూనె చెమటలో పోయేదాకా కసరత్తు చేసేవాడట. ఆ మశూచి మచ్చలు చదివాకే ఆయన నాకు మనిషిగా కనబడ్డాడు. బాబరు కూడా తన ఆత్మకథలో హిందూ రాజుల్లో రాజ్యంలోనూ సైన్యంలోనూ పెద్దవాడు హంపీ విజయనగర రాజేనని రాసుకున్నాడు. ఏ ఆస్థాన కవి పొగడ్త ఆ ఒక్క వాక్యానికి సాటిరాదు.

నెపోలియన్‌ని చదివితే వాటర్లూలో ఆయన్ని ఓడించిన వెల్లింగ్టన్‌నీ చదవండి, 1799లో టిప్పు మీదికి శ్రీరంగపట్నం వచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు. అల్లూరి సీతారామరాజుని చదివితే పోడు మీద ఆంక్షలు పెట్టిన అటవీ చట్టం గురించీ, రోడ్డు పనుల్లో మన్యం కూలీలని పీడించిన అధికారుల గురించీ చదవండి. 1922 సెప్టెంబరులో దామనపల్లి దారిలో ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు, ముందు నడిచిన మన సిపాయిల్ని మాత్రం అల్లూరి మనుషులు పోనిచ్చారు. ఈ సంగతి తెలిస్తే ఆయన ఎవరి మీద పోరాడాడో వేరే చెప్పక్కర్లేదు. ఆయన పుట్టిన పాండ్రంగి కూడా ఆ పద్మనాభం మండలంలోదే.

కాబట్టి నన్నడిగితే బొబ్బిలితోనే మొదలుపెట్టండి. మీది విశాఖే అయితే పొద్దున్నే బయలుదేరి ముందు బొబ్బిలి వెళ్లి యుద్ధస్తంభం చూడండి, తిరుగు ప్రయాణంలో పద్మనాభంలో ఆగండి. ఒక్క రోజులో రెండూ అయిపోతాయి. ఎండాకాలమైతే ముంజలు కూడా దొరుకుతాయి.